అత్తగారి చేపా, నాలుగంగుళాల పైపూ

ఆ రోజుల్లో కర్నూలు ఎండాకాలంలో మనిషి మనిషిలా ఉండగలిగే చోట్లు నాకు రెండే తెలుసు. ఒకటి గ్రంథాలయంలో పాత పుస్తకాల గది, రెండోది నేను పనిచేసే రంగు చేపల దుకాణం. అక్కడ పుస్తకాలు పాడుకాకుండా, ఇక్కడ చేపలు చావకుండా నీడపట్టున ఉంచేవాళ్లు. ఆ రెండింటి పుణ్యాన నేనూ బతికాను. ఇంటర్‌తో నా చదువు ఆగిపోయింది (ఆగిపోయింది అంటే ఎవరో పెద్దవాళ్లు ఆపినట్టు ఉంటుంది. ఆపింది లెక్కల పరీక్ష). ఆ లోటు పూడ్చుకోవడానికి చేతికందిన ప్రతి పుస్తకమూ చదివేవాణ్ణి. తేనెటీగల పెంపకం, ఓడల నిర్మాణం, పళ్ల జబ్బులు, ఏదైనా సరే. ఇంగ్లీషు పుస్తకమైతే పక్కన నిఘంటువు పెట్టుకుని, పేజీకి గంట చొప్పున, పొలం దున్నినట్టు చదివేవాణ్ణి. చదివిందల్లా ఒక ఎర్రట్ట నోటుబుక్కులోకి ఎక్కించి, ముఖ్యమైన వాక్యం కింద గీత గీసేవాణ్ణి. గీత పడిందంటే ఆ సంగతి నాకు అర్థమైపోయినట్టేనని నా గట్టి నమ్మకం.

దుకాణం యజమానిని ఊరంతా చేపల భాయ్ అనేది. ఆయన పుస్తకాలు చదవడు, చేపల్ని చదువుతాడు. గాజు తొట్టి ముందు ఒక నిమిషం వంగి చూసి, ఏ చేపకు ఏ బాధో చెప్పేస్తాడు. నాకు 'లైబ్రరీ' అని పేరు పెట్టింది ఆయనే. "అరే లైబ్రరీ, ఈ పిల్ల తోక ముడుచుకుంటాండాది, నీ బుక్కులో ఏముందో సూడు" అనేవాడు. నేను పేజీ వెతికి పట్టుకునేలోపు తొట్టిలో చిటికెడు ఉప్పు వేసి, చేతులు తుడుచుకుని, టీ తాగేసి కూర్చునేవాడు. అది ఎగతాళి అని నాకు చాలాకాలం తెలియలేదు. సంప్రదింపు అనుకునేవాణ్ణి.

అలాంటి నన్ను నమ్మి ఒక వేసవిలో భాయ్ ఒక పెద్ద పని అప్పగించాడు. ఇప్పుడు విమానాలు దిగుతున్న ఓర్వకల్లు వైపే, రాళ్లగుట్టల పక్కన ఒక ఊళ్లో, భూములున్న కుటుంబం ఒకటి కొత్త ఇల్లు కట్టుకుంది. కొడుకు కాంట్రాక్టరు, నెలలో ఇరవై రోజులు ఊళ్లో ఉండడు. తల్లికి మోకాళ్ల నొప్పులు, గడప దాటలేదు. ఆమెకు కాలక్షేపానికని హాల్లో ఆరడుగుల గాజు తొట్టి పెట్టించి, పదకొండు గోల్డ్ ఫిష్‌లు కొనిచ్చాడు. ఆమెను ఊరంతా అవ్వ అనే పిలిచేది, నేనూ అలాగే పిలిచాను. నేను మొదటిసారి ఆ ఇంటికి పోయేసరికి ఆమె తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుని, గాజు మీద వేలితో కొడుతూ ఒక చేపను తిడుతోంది. "ఏయ్ చిన్నాడబిడ్డా, ఏమిటికట్ల ఎగబడతాండావు? నీ అన్న పెండ్లాంను నేను ఉండా గదా, ఏస్తా గదా!"

పదకొండు చేపలకూ ఆమె అత్తింటివాళ్ల పేర్లు పెట్టుకుందని కాసేపటికి గాని నాకు బోధపడలేదు. ఇద్దరు ఆడబిడ్డలు, ముగ్గురు మరుదులు, వాళ్ల పెళ్లాలు, ఇలా. అందరికంటే కింద, రాళ్ల మధ్య, నల్లగా, గుడ్లు రెండూ బయటికి పొడుచుకొచ్చిన చేప ఒకటి నింపాదిగా తిరుగుతుండేది. "అది మా అత్త" అంది అవ్వ. "ఆ సూపు సూడప్పా, అచ్చం ఆమే. నేను యాడ కూసున్యా అట్లనే సూస్తాది. సచ్చిపోయి పన్నెండేండ్లాయ. బతికుండగా ముప్పై ఏండ్లు ఆమె పెడితే నేను తింటి. ఇబ్బుడు నేను ఏస్తేనే ఆమె తింటాది." అని పకపకా నవ్వింది. కానీ మిగిలిన పదిమందికీ పొడి తిండి చల్లి ఊరుకునే అవ్వ, అత్తకు మాత్రం ఉడికించిన బఠాణీ పొట్టు తీసి, గోటితో నలిపి, నీళ్లలోకి చెయ్యి దించి అందించడం నేను చూశాను.

ఇంతకీ నాకు అప్పగించిన పని ఏమిటంటే, ఆ తొట్టి నీళ్లను వడగట్టే మోటారు హాల్లోనే ఉండి రాత్రింబగళ్లు గుర్రుమంటుండేది. కొడుకుకు ఫోన్లో మాటలు వినబడటం లేదట. అవ్వ ఫిర్యాదు వేరు. "మా ఆయన పోయినాక గురక పీడ వదిలిందనుకుంటి. మీరు మల్ల తెచ్చి ఇంట్లో పెడితిరి గదప్పా!" అందుకని మోటారునూ వడపోత తొట్టినీ పెరట్లో ముప్ఫై అడుగుల దూరంలో ఉన్న రేకుల షెడ్డులోకి మార్చాలి. హాల్లోంచి నీళ్లు ఒక పైపులో షెడ్డుకు పోయి, శుభ్రపడి, ఇంకో పైపులో వెనక్కి రావాలి. రెండు పైపులూ పడమటి గోడ మీదుగా దిగి, పెరట్లో పరిచిన కడప నల్లబండల కింద నడిచి షెడ్డుకు చేరాలి. గోల్డ్ ఫిష్‌కు చల్లని నీళ్లు కావాలి. మే నెలలో మన ఎండకు ఆరుబయట పైపులో నీళ్లు టీకి పనికొస్తాయి. కాబట్టి పైపులకు వేడి తగలకుండా చూడటమే అసలు పని. "చేస్తావారా?" అన్నాడు భాయ్. "ఒక్కరోజు టైమివ్వు భాయ్, చదివి చెప్తా" అన్నాను. భాయ్ ఆకాశం వైపు చూసి ఏదో గొణుక్కున్నాడు, దువా అనుకుంటా.

గ్రంథాలయంలో నా అదృష్టం కొద్దీ ఇళ్ల గొట్టాల పని మీదే ఒక లావుపాటి పుస్తకం దొరికింది. ఎక్కడో మంచు కురిసే దేశంలో అచ్చయింది. పైపుల మీద ఏ తొడుగు వెయ్యాలి, మలుపుల దగ్గర సందు వదిలితే ఏమవుతుంది, నేలలో ఎంత లోతున పూడ్చాలి, అన్నీ బొమ్మలతో ఉన్నాయి. ఆ రోజంతా కూర్చుని ఏడు పేజీలు నోటుబుక్కులోకి ఎక్కించాను. నాలుగు వాక్యాల కింద గీత గీశాను, ఒకదాని కింద రెండు గీతలు.

గోడ మీది పైపుల సంగతి నిజంగానే బాగా చేశానని ఈరోజుకీ చెప్పగలను. ఏసీ మెకానిక్కులు పైపులకు తొడిగే నల్లటి స్పాంజి గొట్టం తెచ్చి, ఎక్కడా వేలి సందు లేకుండా తొడిగి, ప్రతి మలుపుకూ ముక్క కోసి అతికించి, పైన ఎండకు చెడిపోకుండా తెల్లటి టేపు చుట్టాను. అవ్వ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"ఏమప్పా, పైపులకు స్వెట్టర్లు తొడుగుతాండావు?"

"వేడి తగలకుండా అవ్వా."

"ఎండాకాలంలో స్వెట్టరేసుకుంటే సల్లగుంటాదా యాడన్నా? నాకి దుప్పటి కప్పితే ఉక్కతో సస్తానే!"

"నీలో లోపల వేడి పుడతాదవ్వా. పైపులో పుట్టదు. లోపలిది బయటికి పోనీదు, బయటిది లోపలికి రానీదు, అంతే దీని పని."

"సదువుకున్యావులే" అంది అవ్వ. ఆ ఒక్క మాటతో నేను నేల మీద నిలవలేదు. తర్వాత జరిగిన దానికంతటికీ మూలం ఆ మాటేనని నా అనుమానం.

గుంత తవ్వడానికి వచ్చిన మనిషిది జిల్లాకు పడమటి కొసన ఉన్న కోసిగి. ఏటా పంటలు అయిపోగానే బెంగుళూరు పోయి కాలువలు, కేబుళ్ల గుంతలు తవ్వే పని చేసి, ఆ ఏడు ఎందుకో ఈ ఊళ్లో చుట్టాలింట ఆగిపోయాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. బండలు లేపి పక్కన పేర్చి, గడ్డపార నిలబెట్టి అడిగాడు.

"ఎంత లోతు తీయల్లప్పా?"

"నాలుగంగుళాలన్నా."

అతను తన అరచేతిని చూసుకున్నాడు, తర్వాత నన్ను చూశాడు. "జానెడు గూడా కాదు గదప్పా. బెంగుళూరులో మేము నడుం లోతు దిగుతాంటిమి."

ఇలాంటి అవకాశం కోసమే నేను ఏడు పేజీలు రాసుకున్నది. నోటుబుక్కు తెరిచి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "చలి దేశాల్లో శీతాకాలం నేల పైపొర గడ్డకట్టిపోతుందన్నా. ఆ పొరలో పైపు ఉంటే లోపలి నీళ్లు కూడా గడ్డకట్టి పైపు పగులుతుంది. అందుకని గడ్డకట్టే లోతు దాటి పూడ్చాలని పుస్తకంలో ఉంది. ఇప్పుడు చెప్పు, మన ఓర్వకల్లులో నేల ఎంత లోతు గడ్డకడుతుంది?"

"మన నేల ఏమిటికి గడ్డకడతాదప్పా?"

"అదీ! కట్టదు. అంటే లోతు సున్నా. సున్నా దాటితే చాలు. నేను నాలుగంగుళాలు ఎక్కువే ఇస్తున్నా."

ఆ మాటల్లో తప్పెక్కడుందో పట్టుకోలేక అతను తల గోక్కున్నాడు. చివరికి, "మంచు సంగతి నాకి తెల్దు గానీ, ఎండ సంగతి ఏమంటాదప్పా ఆ బుక్కు?" అన్నాడు.

"ఎండ పైన ఉంటుంది, పైపు కింద ఉంటుంది" అన్నాను. (ఈ వాక్యం నా నోటి నుంచే వచ్చిందని బయట ఒప్పుకోవడం ఇదే మొదటిసారి.)

"సరేలేప్పా, నాకేం, పని తక్కువాయె" అని అతను మధ్యాహ్నం సంగటి వేళకల్లా గుంత ముగించాడు. పైపులు పరిచాం, పలచగా మట్టి కప్పాం, నల్లబండలు మళ్లీ ఎక్కడివక్కడ సర్దాం. స్పాంజి తొడుగు గోడ వరకే సరిపోయింది. నేల కింద దేనికి, నేలే దుప్పటి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. హాల్లో నిశ్శబ్దం. అవ్వ చెవి ఒగ్గి విని, "సల్లంగుండు నాయనా" అని దీవించింది. నేను ఎర్రట్ట నోటుబుక్కు చంకన పెట్టుకుని, ఇంజనీరు తిరిగి వెళ్తున్నట్టు బస్సెక్కాను.

మూడు రోజులు ఆకాశం మబ్బుపట్టి, ఒక సాయంత్రం నాలుగు చినుకులు కూడా పడ్డాయి. నా పైపులు అద్భుతంగా పనిచేశాయి. నాలుగోరోజు మబ్బు విడిచింది. ఐదోరోజు మధ్యాహ్నం రెండింటికి దుకాణంలో ఫోన్ మోగింది.

"అప్పా, మా అత్త పైకొచ్చి నోరు తెరుస్తాండాది. శానా కష్టపడతాండాది. బిరీన రాప్పా!"

ఫోన్లో గొంతు బయటికే వినిపిస్తోంది. చేపలు కొనడానికి వచ్చిన ఒకాయన కంగారుగా, "ఈడ నిలబడతావేంటికి బాబూ, ముందు ఆస్పత్రికి తీస్కపోమను" అన్నాడు. భాయ్ థర్మోకోల్ పెట్టెలో ఐసు గడ్డలు నింపి, తన బండి తాళం నా చేతిలో పెట్టాడు.

నేను చేరేసరికి అత్తింటివాళ్లంతా నీళ్ల పైకొచ్చి, మూతులు బయటపెట్టి గాలి మింగుతున్నారు. ఎప్పుడూ రాళ్ల మధ్య నుంచి కదలని నల్ల చేప ఒక మూల పక్కకు వాలి, ఎగశ్వాసగా మొప్పలు ఆడిస్తోంది. అవ్వ పీట మీద కూర్చుని, ఒక చెయ్యి నీళ్లలో ఉంచి, ఆ చేప పక్కకు ఒరిగినప్పుడల్లా వేలితో నిలబెడుతోంది. ఎంతసేపటి నుంచి అలా ఉందో, వేళ్లు నాని ముడతలు పడిపోయాయి.

నేను ఏం చేయాలి? ముందు చేపలను చూడాలి. నేను పరుగెత్తి గోడ మీది పైపులు పట్టుకు చూశాను. ఒక కొసన టేపు విప్పి, తొడుగు వెనక్కి జరిపి వేలు పెడితే పైపు చల్లగా లేకపోయినా, ఎండకు కాలిన పైపులా మాత్రం లేదు. ఇంకెక్కడా టేపు ఊడలేదు. లోపలికి వచ్చి (ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు) అన్నాను కదా, "పైపుల తప్పేం లేదవ్వా. తిండి ఎక్కువ వేసి ఉంటావు."

అవ్వ తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో ముప్ఫై ఏళ్లు కోడలిగా మాటలు పడిన మనిషి కోపం అంతా ఉంది. "పొద్దన్నుంచి తిండే ఏయలేదప్పా. నువ్వొకపని చెయ్. చెప్పులిడిసి పెరట్లోకి పోయి ఆ బండ మింద నిలబడు. పది లెక్కపెట్టేదంక కదలబాక."

వెళ్లాను. ఒకటి అన్నాను. రెండు అనబోయి ఎగిరాను. మూడు షెడ్డు వైపు, నాలుగు మళ్లీ గడప వైపు. ఐదు లెక్కపెట్టలేదు. కోడిపుంజులా ఎగురుతూ వచ్చి గడప మీద పడ్డాను. అవ్వ నవ్వలేదు. "కాలు పెట్టనీకి కాకపాయె గదా. దానికి నాలుగంగుళాల కింద మా అత్త తాగే నీళ్లు పోతాండాయి" అంది.

థర్మామీటరు తీసుకుని షెడ్డులోకి పరుగెత్తాను. వడపోత తొట్టిలో నీళ్లు ముప్ఫై మూడు. హాల్లోకి తిరిగొచ్చే పైపు మూతి దగ్గర ముప్ఫై ఆరు. ముప్ఫై అడుగుల దారిలో నా పైపు మూడు డిగ్రీలు సంపాదించుకొచ్చింది. పోయేటప్పుడు కొంత, వచ్చేటప్పుడు కొంత, పొద్దున్నుంచి అలా తిరిగి తిరిగి తొట్టి నీళ్లన్నిటినీ కాచేసింది. కడప నల్లబండ పెనం, కింద సన్నటి మట్టి పొర, దాని కింద అవ్వ అత్తింటి వంశం మొత్తం. నేను పైపు పూడ్చలేదు, పొయ్యి మీద పెట్టాను.

భాయ్‌కి ఫోన్ చేశాను. "పంపు ఆపు. గాలి బుడగలది నడిపించు" అన్నాడు. "మంచు నేరుగా ఏయబాక, సీసాల్లో పెట్టి తేలేయ్. ఇంట్లో కుండలుంటే నీడలో పెట్టి చేపల్ని వాటిల్లోకి మార్చు. తొట్టి నీల్లూ కుండ నీల్లూ గలాసు గలాసు కలుపుతా మార్చు, ఒకేసారి సల్లబెడితే దానికీ సస్తాయి. మల్ల... బుక్కు తెరిస్తే కాల్లు ఇరగ్గొడతా" అన్నాడు.

వంటింట్లో మూడు పెద్ద కుండలున్నాయి. తాగే నీళ్ల కుండలవి. అవ్వ ఒక్కక్షణం కూడా ఆలోచించలేదు, "ఒంచు" అంది. సగం నీళ్లు వంచి, తొట్టి నీళ్లు గ్లాసుతో కలుపుతూ కూర్చున్నాం. చేపలను మార్చే సమయం వచ్చినప్పుడు మాత్రం ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగాగు. పెద్దాడబిడ్డనూ నడిపి మరిది పెండ్లాంనూ ఒకే కుండలో ఏయబాకు. వాల్లకు మాటల్లేవు." ప్రాణాలు పోతున్న సమయంలో ఇదేమిటి అనుకున్నాను గానీ, ఆమె చెప్పినట్టే చేశాను. అప్పటికి నా మాట మీద నాకే గౌరవం లేదు. మరుదులంతా పెళ్లాలతో సహా ఒక కుండలోకి, ఆడబిడ్డలు ఒక కుండలోకి సర్దుకున్నారు. అత్తకు వేరే కుండ, ఒక్కదానికే. "ఆమె ఎబుడూ ఒకరితో సర్దుకునే మనిషి కాదు" అంది అవ్వ.

ఆ కుండకు తడిగుడ్డ చుట్టి, ఆ పక్కనే నేల మీద కూర్చుని విసనకర్రతో విసురుతూ, నావైపు చూడకుండానే చెప్పింది. "ఆమె పోయింది గూడా ఇట్లాంటి ఎండలోనేప్పా. దప్పికాయ అనె. కుండలో నీల్లు లేవు. బోరింగు కాడ ఆడోల్లు బారుగా నిలబడిండ్రి. నేను బిందె ఎత్తుకొని ఇంటికొచ్చేతలికి..." విసనకర్ర ఆగలేదు. "ముప్పై ఏండ్లు ఏం చేసినా తప్పు పట్టె. ఆ పొద్దు మాత్రం తప్పు పట్టనీకి ఆమె లేకపాయె."

నేను తల వంచుకుని గ్లాసుతో నీళ్లు కలుపుతూనే ఉన్నాను. ఆ గ్లాసు పనికి మించి నాకు అప్పుడు తెలిసిన విద్య ఇంకేదీ లేదు.

సాయంత్రానికి మరుదులు, ఆడబిడ్డలు తేరుకుని కుండల్లో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు. నల్ల చేప మాత్రం కుండ అడుగున పక్కకు వాలే ఉంది. బతికే ఉంది, అంతకంటే చెప్పలేను. ఇక ఆ కుండల్లో అవి రెండు మూడు రోజుల కంటే ఉండలేవు. ఆలోగా పైపు దారి మార్చాలి. కోసిగాయన దగ్గరికి నేనే నడిచి పోయాను. అతను గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు, బండలు లేపాడు, ఎగతాళి జాడ కూడా లేకుండా, "ఈతూరి ఎంత లోతప్పా? బుక్కు ఏమంటాది?" అని అడిగాడు.

"నువ్వే చెప్పన్నా" అన్నాను.

అతను చెప్పలేదు, చూపించాడు. ఒక మూల చిన్న గుంత తీసి, నాలుగంగుళాల దగ్గర "చెయ్యి పెట్టు" అన్నాడు. కాలింది. అడుగు లోతున మళ్లీ పెట్టమన్నాడు. జ్వరం తగ్గుతున్న ఒంటిలా ఉంది. రెండడుగులు దిగేసరికి గులకరాళ్ల నేల, గడ్డపార ఖంగుమంటోంది, అక్కడ పెట్టమన్నాడు. తడి లేకపోయినా, కుండ అడుగు తాకినట్టు చల్లగా ఉంది. "పైన ఎండ ఎగిరి దుంకినా ఈడికి దానికి దోవ తెల్దప్పా" అన్నాడు. అది వింటుంటే నాకు ఎక్కడో చదివినట్టు అనిపించింది. నోటుబుక్కు తీశాను (భాయ్ కాళ్లు విరగ్గొట్టేంత దూరంలో లేడు). నాలుగో పేజీలో నా గుండ్రటి అక్షరాలతో, 'నేలలో లోతుకు పోయేకొద్దీ పైన ఉన్న చలి గానీ ఎండ గానీ తెలియదు' అని ఉంది. రెండు గీతలు గీసింది దాని కిందే.

కోసిగాయన నా భుజం మీదుగా తొంగిచూసి, చదవమన్నాడు. చదివి వినిపించాను.

"రాసుకున్యావు గదప్పా మరి?"

"రాసుకున్నానన్నా."

"మల్ల?"

షెడ్డులోంచి ఇంకో గడ్డపార తీసుకుని గుంతలోకి దిగాను.

ముప్ఫై అడుగుల దారి, రెండడుగుల లోతు, పొద్దున చల్లపూట కొంత, సాయంత్రం కొంత, రెండు రోజులు పట్టింది. నా అరచేతుల్లో బొబ్బలు లేచి, పగిలి, మళ్లీ లేచాయి. కోసిగాయన నేను అలిసిపోయినప్పుడల్లా, "పుస్తకం పట్టుకునే చెయ్యప్పా, మెల్లగ" అనేవాడు. అది కూడా ఎగతాళో జాలో నాకు తెలియలేదు, గానీ ఈసారి అడగాలనీ అనిపించలేదు. స్పాంజి తొడుగు అంత పొడవుకు ఊళ్లో దొరకలేదు. కిటికీలోంచి అవ్వే ఉపాయం చెప్పింది. పైపును దానికంటే లావు పైపులోకి దూర్చి, మధ్య సందులో ఎండిన బుడ్డల పొట్టు (వేరుశనగ కాయల పైపెంకులు) కూరమంది. ఇంటి వెనక బస్తాలకొద్దీ ఉంది. చీమలూ తడీ దూరకుండా రెండు కొసలూ మూసి టేపు బిగించాం.

"బుడ్డల పొట్టు సంగతి ఆ బుక్కులో ఉండాదా?" అని అడిగింది అవ్వ.

"లేదవ్వా."

"అయితే రాసుకో."

గుంతలోనే నిలబడి, బొబ్బల చేత్తో రాసుకున్నాను. గీత గీయబోతే పెన్ను జారి మట్టిలో పడింది.

మూడోరోజు మిట్టమధ్యాహ్నం పంపు వేశాం. పైపు మూతి దగ్గర థర్మామీటరు పట్టుకుని నేను, నా వెనక అవ్వ, వాకిట్లో కోసిగాయన. ముందు పాత నీళ్లు వచ్చాయి, తర్వాత కొత్తవి. ఇరవై తొమ్మిది దగ్గర పాదరసం ఆగింది. పది నిమిషాలైనా కదల్లేదు. అవ్వ నన్ను నమ్మకుండా తనే చెయ్యి పెట్టి చూసుకుంది, తర్వాత ఆ గీతలు ఎలా చదవాలో చెప్పమంది. చెప్పాను. ఆమె కళ్లద్దాలు తెచ్చుకుని, గాజు మీది సన్నటి అంకెలు ఒక్కొక్కటీ పైకి చదివింది. ఒక్కొక్కరినే తొట్టిలోకి మార్చాం. అందరికంటే చివర అత్త. రాళ్ల మధ్యకు జారిపోయి, ఆ రోజంతా కదల్లేదు. నేను ఆ రాత్రి బస్సు వదులుకుని వాళ్ల వసారాలోనే పడుకున్నాను. తెల్లవారి లేచి వచ్చేసరికి అవ్వ నీళ్లలో చెయ్యి పెట్టి ఉంది, వేళ్ల మధ్య నలిపిన బఠాణీ. నల్ల చేప నింపాదిగా వచ్చి, ఆ గుడ్లతో ఆమెను పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఒక ముక్క అందుకుని, నచ్చలేదన్నట్టు ఉమ్మేసి, మళ్లీ అందుకుంది.

"సూడు, ఇంగా వంక పెడతానే ఉండాది" అని అవ్వ నావైపు తిరిగింది. కళ్లు తుడుచుకున్న చెయ్యి తడిది కావడంతో ముఖమంతా తడి అయిపోయింది.

ఆ తర్వాత ఆ పైపులు ఎన్ని ఎండాకాలాలు చూశాయో గానీ, నన్ను మళ్లీ ఎప్పుడూ పిలవలేదు. నేను భాయ్ దగ్గర మానేసి, సొంతంగా తొట్లు, పైపుల పని చూసుకోవడం మొదలుపెట్టాక, నాలుగేళ్ల తర్వాత ఒక ఏప్రిల్ పొద్దున అవ్వ నుంచి ఫోన్ వచ్చింది. నెంబరు ఎవరి దగ్గర సంపాదించిందో.

"అప్పా, మా అత్త పోయింది."

చేప వయసు అప్పటికి తక్కువేం కాదు, అది పోవడం వింత కూడా కాదు. ఒక పెద్దావిడ బాధతో ఫోన్ చేస్తే మనిషన్నవాడు ఏమనాలి? అయ్యో అనాలి, ఎప్పుడు అనాలి, నువ్వు అన్నం తిన్నావా అవ్వా అని అడగాలి. నేనేమో ఇరవై నాలుగేళ్ల వయసున్న నిపుణుణ్ణి. నా నోటి నుంచి వచ్చింది ఒక్కటే మాట.

"నీళ్లెంత వేడి ఉన్నాయవ్వా?"

ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి, వెంటనే నవ్వూ వస్తుంది. అవ్వ మాత్రం కోప్పడలేదు. కాసేపు కూడా తడుముకోలేదు. నేను అదే అడుగుతానని ఆమెకు తెలిసినట్టుంది. ఫోన్ చేసే ముందే కళ్లద్దాలు పెట్టుకుని, వంగి, అప్పుడు నేను వదిలి వచ్చిన థర్మామీటరు మీది ఆ సన్నటి అంకెలు చూసి పెట్టుకుంది.

"ఇరవై ఏడు నాయనా. సల్లగానే పోయింది. నీ పైపు తప్పేం లేదులే."